మనిషీ మూటా కలిపి వంద కిలోలు

1976 మే 1, శనివారం

ఉదయం 5.10. లేచాను. ఎవరూ లేపకుండా లేచాను. ఇది గమనించాలి.

జనవరిలో ఎవరో సప్లయర్ ఇచ్చిన డైరీ ఇది. నాలుగు నెలలుగా ఖాళీ. దుఖాన్‌లో అంటే దోహా అవతల ఎడారిలో, ఈ చమురు క్యాంపులో, స్టోర్స్ ఆఫీసరుకు రాసుకునేంత విషయం ఏముంటుంది? నట్లు వస్తాయి, బోల్టులు పోతాయి. పదకొండేళ్లుగా ఎక్కడెక్కడికో వెళ్ళేవాళ్ళకి సామాను ఇచ్చి సంతకం తీసుకున్నాను. నేను మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

ఇప్పుడు వెళ్తున్నాను. సెప్టెంబరు 18. కెనడా ఉత్తరపు అడవులు. మూస్ వేట!

మూస్ అంటే (రేపు ఎవరైనా అడిగితే తడుముకోకుండా): దుప్పి జాతి. గుర్రం కంటే ఎత్తు. కొమ్ములు చేటలంత. గడ్డం కింద ఒక తోలు సంచి వేలాడుతుంది, ఎందుకో తెలియదు. అక్కడికి రోడ్డు లేదు, రైలు లేదు. నీళ్ళ మీద వాలే చిన్న విమానం మనల్ని ఒక చెరువులో దింపి వెళ్ళిపోతుంది. పది రోజుల తరవాత వస్తుంది. గుర్తుంటే.

ఎలా కుదిరిందంటే: శ్రీరామనవమికి స్టాఫ్ క్లబ్బులో ఆరు తెలుగు కుటుంబాలం కలిసి పానకం, వడపప్పు పెట్టాం. నేను పౌరాణిక పద్యం ఒకటి అందుకున్నాను. చివర రాగం ఒక నిమిషం పైన లాగాను. డ్రిల్లింగ్ సూపరింటెండెంటు డన్‌కన్ దొర పానకం గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తరవాత దగ్గరికొచ్చి, ఇంత ఊపిరి తాను మనుషుల్లో చూడలేదనీ, తమ ఊళ్ళో ఆడ మూస్ గొంతు పెట్టి మగ మూస్‌ను పిలిచేవాళ్ళకి కూడా ఇంత దమ్ము లేదనీ అన్నాడు. సెప్టెంబరులో తమతో రమ్మన్నాడు. నేను "తప్పకుండా" అన్నాను.

మా వైపు ఎవరు పిలిచినా "తప్పకుండా" అనడం మర్యాద. వెళ్ళడం వేరే విషయం. ఈ సంగతి కెనడాలో తెలియదనుకుంటాను. ఈ రోజు ఆఫీసులో కాగితం చూపించాడు. విమానంలో నాలుగు సీట్లు ఖాయం. నాలుగో పేరు రామచంద్రరావు.

మొదట పేరు రెండుసార్లు చదివాను. తరవాత ఛాతీ పొంగింది. నా పద్యం కోసం ఒకడు ప్రపంచం అవతలికి పిలుస్తున్నాడు. ఇంట్లో అయితే పద్యం మొదలుపెట్టగానే కిటికీలు మూస్తారు.

సాయంత్రం 6.00. సీతాలక్ష్మికి చెప్పాను. ఇక్కడ ఒక చిన్న చిక్కు. 1972లో నాకు టైఫాయిడ్ వచ్చి ఆశ వదిలేసినప్పుడు, నేను బతికితే కేదారానికి నడిచి వస్తానని ఆవిడ మొక్కుకుంది. నేను బతికాను. లీవు రెండేళ్లకొకసారి. 74 లీవు మా తమ్ముడి గృహప్రవేశానికి పోయింది. ఈ లీవులో కేదారం అని మాట ఇచ్చాను.

కేదారం ఎక్కడికీ పోదు కదా అన్నాను.

"మూస్ మాత్రం ఎక్కడికి పోతుందండీ?" అంది సీతాలక్ష్మి. అని బియ్యం కడగడానికి లేచింది. ఒప్పుకున్నట్టే.

మే 2, ఆదివారం

డన్‌కన్ దొర చిన్న మాట చెప్పాడు. చిన్న విమానం కాబట్టి మనిషీ మూటా కలిపి వంద కిలోలు దాటకూడదు. చెరువు గట్టున కాటా మీద నిలబెట్టి తూస్తారట.

స్టోర్సులో ప్లాట్‌ఫారం కాటా ఉంది. పైపు ఫిట్టింగులు తూసేది. ఎక్కాను.

నేను: 91.5
దొర ఇస్తానన్న చలికోటు: 3
బూట్లు: 2.5
పడుకునే సంచి: 4
బియ్యం (పది రోజులు, నేను శాకాహారిని, వాళ్ళు తినేది నేను తినలేను): 4
కందిపొడి, నెయ్యి, చింతపండు: 2
ప్రెషర్ కుక్కరు: 2.5
ఆవకాయ: 2
ఉన్ని బట్టలు: 2
మొత్తం: 113.5

తగ్గాల్సింది పదమూడున్నర. ఆవకాయ రెండు కిలోలు తగ్గించడమా, నేను రెండు కిలోలు తగ్గడమా అని ఒక గంట ఆలోచించాను. నేనే తగ్గుతాను. సెప్టెంబరు దాకా నెలకు మూడు కిలోలు. లెక్క చాలా సులువు.

తీర్మానాలు: 1. ఉదయం ఐదుకి నడక. 2. రాత్రి అన్నం బంద్, ఒక్క పుల్కా. 3. శుక్రవారం పెసరట్టు ఉప్మా బంద్. 4. రోజూ డైరీ.

మే 7, శుక్రవారం

89.9! ఐదు రోజుల్లో కిలోన్నర. ఈ లెక్కన సెప్టెంబరుకి నేను ఉండను.

స్టోర్సు హెల్పరు రాజేశం కాటా చదివాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి. ఊళ్ళో ఉన్నప్పుడు అడవిపందినీ చెవులపిల్లినీ (కుందేలే) వేటాడాడట. ఈ ఎడారిలో వేట తెలిసిన హిందువు ఇతనొక్కడే కాబట్టి గురువుగా పెట్టుకున్నాను. మొదటి పాఠం: కదలకుండా కూర్చోవడం. పైపుల యార్డు వెనక ఇద్దరం కూర్చున్నాం. పది నిమిషాలకి నా కాలు తిమ్మిరెక్కింది. రాజేశం నిద్రపోయాడు. అదే వేటగాడి ఓపిక అని తరవాత చెప్పాడు.

రాత్రి ఒక్క పుల్కా. సీతాలక్ష్మి పక్కనే వంకాయ కూరతో అన్నం కలుపుకుంది. నేను చూడలేదు. వాసన చూశాను. అది బరువు కాదు.

మే 14, శుక్రవారం

పిలుపు సాధన మొదలు.

దొర వివరంగా చెప్పాడు. భూర్జ చెట్టు బెరడుని గొట్టంలా చుట్టి, ఆడ మూస్‌లా మూలగాలి. మొదలు సన్నగా, మధ్యలో లావుగా, చివర ఆశ వదిలేసినట్టు జారిపోవాలి. భూర్జ చెట్టు దుఖాన్‌లో దొరకదు. మిగిలిపోయిన బ్లూప్రింటు ఒకటి చుట్టాను. మూడో నంబరు పంపుహౌసు ప్లాను.

ఉదయం 5.30. రాజేశంతో క్యాంపు దాటి సున్నపురాయి దిబ్బ దాకా వెళ్ళాం. మొదట మోహనలో పట్టాను. మరీ సంతోషంగా వచ్చింది. విరహం కదా, ముఖారి అయితే కుదురుతుందనిపించింది. పట్టాను. నాలుగు నిమిషాలు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

5.50. ఒంటె వచ్చింది.

దిబ్బ అవతలి నుంచి తల, మెడ, మూపురం, ఆ వరసలో వచ్చింది. మగదే, రాజేశం చూసి చెప్పాడు. ముప్పై అడుగుల దూరంలో నిలబడి నా వైపే చూసింది. నేను ఆపాను. అది ఇంకో నాలుగడుగులు వేసింది.

విజయం! దొరకి చెప్పాను. ఒంటెనే పిలిచినవాడు మూస్‌ను పిలవలేడా అని నా వీపు తట్టాడు. పదకొండేళ్లలో ఈ కంపెనీలో నా వీపు మీద పడ్డ మొదటి చెయ్యి.

(సంతోషంలో రెండు పెసరట్లు. చిన్నవి.)

మే 21, శుక్రవారం

90.4. కాటాకి ఆయిల్ వేయించాలి.

ఒంటె ఇల్లు కనిపెట్టింది. ఉదయం సాధన అయిపోయాక నా వెనకే క్వార్టర్సు దాకా వచ్చి, వంటింటి కిటికీలోంచి తల లోపల పెట్టింది. నేను అదిలించాను. సీతాలక్ష్మి క్యాబేజీ ఆకులు, బీరకాయ తొక్కులు తెచ్చి పెట్టింది. ఎందుకు అలవాటు చేస్తావు, రోజూ వస్తుంది అన్నాను.

"మీరు పిలిచారు, వచ్చింది. వచ్చినదానికి పెట్టకుండా ఎలా పంపిస్తాం?"

మంచి మాటే. కానీ దొడ్లో బీరపాదు కూడా సగం తినేసింది.

జూన్ 4, శుక్రవారం

చలి సాధన. కెనడాలో అప్పటికి రాత్రిళ్ళు నీళ్ళు గడ్డకడతాయట. ఇక్కడ పగలు నలభై నాలుగు. మెస్సు కోల్డ్ స్టోరులో కూర్చోవడానికి వంటమేస్త్రీని బతిమాలి పర్మిషన్ తీసుకున్నాను.

10.00. దొర చలికోటు వేసుకుని లోపలికి. తల నిండా బొచ్చు టోపీ. చుట్టూ వేలాడే ఆస్ట్రేలియా గొర్రెలు, తలలు లేకుండా. నేను వాటి మధ్య స్టూలు మీద.
10.05. బాగుంది.
10.12. కందిపచ్చడి గుర్తుకొచ్చింది.
10.15. గొర్రె ఒకటి గాలికి మెల్లిగా నా వైపు తిరిగింది. తల లేకపోయినా చూస్తున్నట్టే ఉంది. కళ్ళు మూసుకుని విష్ణు నామాలు చదువుకున్నాను.
10.18. బయటికి.

బయట ఎండ, లోపల చలి. సాయంత్రానికి జలుబు. మిరియాల చారు, వేడన్నం, నెయ్యి. జలుబు చేసినవాడు పుల్కా తినకూడదు, వైద్యశాస్త్రం ఒప్పుకోదు.

జూన్ 11, శుక్రవారం

91.8. జలుబు వల్ల ఒంట్లో నీరు చేరి ఉంటుంది.

జూన్ 12, శనివారం

92.1. జలుబు తగ్గింది. నీరు తగ్గలేదు.

నడక ఆపాను. ఎండలో నడిస్తే ఆకలి ఎక్కువవుతోంది, ఆకలి ఎక్కువైతే తిండి ఎక్కువవుతోంది, కాబట్టి నడక వల్లే బరువు పెరుగుతోందని తేలింది. కదలకుండా కూర్చునే సాధన మాత్రం పెంచాను. అందులో మంచి ప్రగతి ఉంది. ఇప్పుడు గంట కూర్చోగలను. రాజేశం కూడా మెచ్చుకున్నాడు.

జూన్ 26, శనివారం

దేశం దాటాలంటే వీసా, దానికి పాస్‌పోర్టు ఇంకో దేశం వెళ్ళి ముద్ర వేయించుకుని రావాలట. ఈ రోజు కంపెనీ బస్సు డ్రైవరు లియాఖత్ అలీ దాన్ని దోహాకి పట్టుకెళ్ళాడు. హైదరాబాదీ. ఎక్కడికి సాబ్ అని అడిగితే చెప్పాను. గేదెని చూడటానికి అంత దూరమా అన్నాడు. గేదె కాదని వివరించేలోపు బస్సు తీశాడు.

నాకంటే ముందు నా పాస్‌పోర్టు ప్రయాణం చేస్తోంది.

సీతాలక్ష్మి కందిపొడి కొట్టింది. చలికి పాడవకుండా వేయించి మరీ కొట్టింది. పొట్లం మీద "అడవికి" అని రాసింది. నేను వెళ్ళే మూడు వారాలూ తను రాజమండ్రిలో అక్క కమలాదేవి ఇంట్లో ఉంటానంది. మొక్కు మాట ఎత్తలేదు. ఎత్తితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఎత్తకపోతే ఏం చెప్పాలి?

జూలై 9, శుక్రవారం

అబూ సాలెం వచ్చాడు. ఒంటె యజమాని. తెల్లగడ్డం, చేతిలో కర్ర. రాజేశం తనకొచ్చిన అరబ్బీలో మాట కలిపాడు.

ఫిర్యాదు: నెల రోజులుగా ఆ ఒంటె మందతో మేతకి వెళ్ళడం లేదు. ఉదయం కాగానే దుఖాన్ వైపు తిరిగి నిలబడుతుంది. మిగతావి కదిలినా కదలదు. కొట్టినా కదలదు. ఎవరో దాన్ని పిలుస్తున్నారు. పిలిచే ఆడ ఒంటె ఎక్కడుందో చూడాలని వచ్చాడు.

రాజేశం నన్ను చూపించాడు.

అబూ సాలెం నా చుట్టూ ఒకసారి తిరిగాడు. తరవాత పిలిచి చూపించమన్నాడు. బ్లూప్రింటు చుట్టి ముఖారి పట్టాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక రాజేశంతో ఏదో చెప్పి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఏమన్నాడని అడిగాను. "పిలిస్తే పిలిచినోడు జవాబు చెప్పాలె అంటున్నడు సారూ. ఊకె పిలువద్దట" అన్నాడు రాజేశం.

ఆ రోజు నుంచి సాధన ఆపాను. గౌరవం కొద్దీ. మధ్యాహ్నం పులిహోర. రెండుసార్లు.

జూలై 30, శుక్రవారం

93.

డన్‌కన్ దొర ఇంట్లో సమావేశం. గోడ మీద మూస్ తల. నిజంగానే చేటలంత కొమ్ములు. గాజు కళ్ళు. సోఫాలో ఎక్కడ కూర్చున్నా నా వైపే చూస్తోంది.

దొర బల్ల మీద ఉప్పు డబ్బా పెట్టి చెరువు అన్నాడు, మిరియాల డబ్బా పెట్టి ఇది నువ్వు అన్నాడు. నేను రెల్లులో దాక్కుని పిలవాలి. ఒక గంట పట్టొచ్చు, రెండ్రోజులు పట్టొచ్చు. మగ మూస్ చప్పుడు లేకుండా వస్తుంది. అంత పెద్ద జంతువు అడుగుల చప్పుడు కూడా వినపడదు. ముప్పై అడుగుల దాకా వచ్చి నిలబడి, పిలిచినవాళ్ళ కోసం వెతుకుతుంది. అప్పుడు నేను ఆపకూడదు. ఆపితే అనుమానిస్తుంది. ఇంకో నాలుగడుగులు వేసేలా సన్నగా మూలగాలి. ఆ నాలుగో అడుగుకి తాను కాలుస్తానన్నాడు.

అది ఎటు చూస్తూ ఉంటుందని అడిగాను.

నీ వైపే, అన్నాడు.

ఎలా ఉంటుందో నాకు తెలుసు. మే 14 ఉదయం చూశాను.

దారిలో నాకు నేను చెప్పుకున్నవి: 1. నేను చంపడం లేదు, పిలుస్తున్నాను. 2. దొర ఎలాగూ కాలుస్తాడు. 3. వేట క్షత్రియధర్మం. (నేను నియోగిని. ఆరువేల శాఖ. మా ఇంట్లో దోమని కూడా బయటికి తోలేవారు.)

ఆగస్టు 6, శుక్రవారం

ఉదయం 5.30. నెల తరవాత సాధనకి వెళ్ళాను. ఇంకా ఆరు వారాలే ఉంది. గొట్టం నోటి దాకా ఎత్తి దింపేశాను. రాజేశానికి మొత్తం వివరించాను, ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, నాలుగో అడుగు. గురువు కదా, మెచ్చుకుంటాడనుకున్నాను.

రాజేశం బీడీ ఆర్పేశాడు.

"పిలిస్తె వచ్చిన జీవాన్ని కొడ్తరా సారూ? మేం సుత ఏట ఆడినం. వల ఏసినం, కుక్కల్తోని తరిమినం, ఉరికేదాన్ని కొట్టినం. దొరికితె దొరికె, లేకుంటె లేదు. నమ్మి కాడికొచ్చినదాన్ని ఎన్నడు కొట్టలె."

వాళ్ళ దేశంలో అదే పద్ధతి అన్నాను.

"అయితె ఆళ్ళనే పిలువుమనుండ్రి" అన్నాడు.

గొట్టం విప్పేశాను. మూడో నంబరు పంపుహౌసు ప్లాను మీద నా ఉమ్ము మరకలు. చదునుగా చేసి ఫైల్లో పెట్టాను. పిలవకుండానే ఒంటె వచ్చింది. వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. సిగ్గేసింది.

ఆగస్టు 7, శనివారం

డ్యూటీలో కూర్చుని లెక్కలు చూస్తుంటే తట్టింది. రాసి పెట్టుకోవాలి, లేకపోతే సర్దిచెప్పేసుకుంటాను.

1967. పెళ్ళై ఆరు నెలలు. నేను ఇక్కడికొచ్చి రెండేళ్లు. సెలవు మీద వెళ్ళి పెళ్ళి చేసుకుని తిరిగొచ్చాను, ఒక్కణ్ణే. క్వార్టర్సు ఇచ్చారు, రా, అని ఉత్తరం రాశాను. నాలుగు వాక్యాలు. ఇసుక సంగతి రాయలేదు. చెట్టు లేదని రాయలేదు. ఆవిడ బొంబాయిలో ఓడెక్కి ఆరు రోజులు వాంతులు చేసుకుంటూ వచ్చింది. దిగగానే చుట్టూ చూసింది. ఎక్కడికి తెచ్చారు అని అడగలేదు. బీరవిత్తనాలు కొంగులో కట్టుకొచ్చింది. ఎక్కడ నాటాలని అడిగింది.

పిలిచాను, వచ్చింది. తొమ్మిదేళ్లుగా వచ్చే ఉంది. పిల్లలు లేరు, ఈ ఊళ్ళో ఆవిడకి నేను, ఒక బీరపాదు. ఇప్పుడు ఒక ఒంటె. నా ప్రాణం కోసం కొండెక్కుతానని మొక్కింది. అడిగినప్పుడల్లా నేను ఒకటే మాట అన్నాను. తప్పకుండా.

డన్‌కన్ దొరకి అన్న మాటా అదే. ఆయన తెల్లవాడు కాబట్టి నిజమనుకున్నాడు. మరి సీతాలక్ష్మి ఏమనుకుంది? నాకు చాలా బాధగా ఉంది. ఇది జలుబు కాదు.

ఆగస్టు 10, మంగళవారం

నిర్ణయం: దొరకి చెప్పేస్తాను, రానని.

చెప్పడానికి వెళ్ళాను. విమానంలో నాకు కిటికీ పక్క సీటు ఇప్పించానన్నాడు. థాంక్యూ చెప్పి వచ్చాను.

ఆగస్టు 14, శనివారం

సాకుల జాబితా:
భార్యకి ఆరోగ్యం బాలేదు. (అనకూడదు. అన్న మాట తగులుతుంది.)
వీసా రాలేదు. (నిన్నే వచ్చింది. లియాఖత్ అలీ దారంతా అందరికీ చూపించుకుంటూ తెచ్చాడు.)
జాతకంలో జలగండం ఉంది. (కేబుల్ పంపి ఓ పంతులుని అడగాలి.)
బరువు ఎక్కువ. (నిజం. 93.6.)

బరువు మాటే చెప్దామని వెళ్ళాను. నవ్వి, తన సామాను తగ్గించుకుని ఆ కిలోలు నాకిస్తానన్నాడు. ఇంత మంచివాడు నాకెందుకు తగలాలి?

ఇంటికొచ్చి అట్లు తిన్నాను. లెక్కపెట్టలేదు.

ఆగస్టు 21, శనివారం

చెప్పాను.

10.30కి పైపుల ఇండెంటు పట్టుకుని దొర స్టోర్సుకి వచ్చాడు. తలుపు వేసి, కూర్చోమన్నాను. ఇంగ్లీషులో ముందే రాసుకున్న కాగితం జేబులో ఉంది, తీయలేదు. నేను పిలిస్తే వచ్చినదాన్ని మీరు కాలిస్తే, ఇక జన్మలో నేను పద్యం పాడలేను, అన్నాను. మా ఇంట్లో ఎవరైనా పిలిస్తే వచ్చినవాళ్ళకి భోజనం పెడతాం. మాకు వేరే పద్ధతి తెలియదు. నా భార్యకి ఇచ్చిన మాట ఒకటి నాలుగేళ్లుగా ఉంది, అది కూడా చెప్పాను. గొంతు ముఖారి కంటే ఘోరంగా వచ్చింది.

దొర కాటా వైపు చూశాడు. ఈ మాట ఏప్రిల్లోనే చెప్పాల్సింది అన్నాడు.

ఏప్రిల్లో నాకే తెలియదు అన్నాను.

కోపం వచ్చింది ఆయనకి. రావాల్సిందే. నాలుగో సీటుకి మనిషిని వెతుక్కోవాలి. ఇండెంటు మీద సంతకం పెట్టించుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. మీ కొండ మీద చలి ఉంటుందా అని అడిగాడు. మంచు కూడా ఉంటుందన్నాను. అయితే కోటు ఉంచుకో, మీ ఆవిడకి పనికొస్తుంది అన్నాడు. వచ్చే ఏడు చేపలకి వెళ్తారట. చేపల్ని పిలవక్కర్లేదు, నువ్వు రావచ్చు అన్నాడు.

"తప్పకుండా" అన్నాను.

నోరు నాది, అలవాటు పూర్వీకులది.

సాయంత్రం సీతాలక్ష్మికి చెప్పాను. కందిపొడి పొట్లం మీద "అడవికి" కొట్టేసి "కొండకి" అని రాసింది. కాసేపటికి వంటింట్లో ఏదో పాడుకుంటోంది. నేను కిటికీలు మూయలేదు.

సెప్టెంబరు 18, శనివారం

డన్‌కన్ దొర వెళ్ళాడు. నాలుగో సీటు ఖాళీగానే వెళ్ళిందట, ఆ బరువుకి బీరు పెట్టుకున్నారట.

ఒంటెని పొద్దున్నే అబూ సాలెంకి అప్పజెప్పాం. సీతాలక్ష్మి దాని మెడ మీద చెయ్యి వేసి, నెలన్నరలో వచ్చేస్తామని చెప్పింది. రాజేశం దాన్ని అరబ్బీలోకి మార్చి చెప్పాడు. ఒంటెకి అర్థమైనట్టే ఉంది. పాదు మీద చివరి బీరకాయ తిని వెళ్ళింది.

94.2. ఇక తూసుకోను. తూసుకోవడం వల్లే మనిషికి బెంగ.

అక్టోబరు 1, శుక్రవారం. గౌరీకుండ్

ఉదయం 6.00. చలి. కోల్డ్ స్టోరు దీని ముందు ఎందుకూ పనికిరాదు.

ఇక్కడి నుంచి కేదారం పద్నాలుగు కిలోమీటర్లు, అంతా ఎక్కుడు. మొక్కు సీతాలక్ష్మిది, కాబట్టి ఆవిడ నడుస్తుంది. మొక్కు నాది కాదు, కాబట్టి నేను డోలీ మాట్లాడుకున్నాను. డోలీ మేస్త్రీ నన్ను కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చూసి, నలుగురు చాలరు, ఆరుగురు కావాలన్నాడు. నా సర్వీసులో ఇంత కచ్చితమైన తూకం చూడలేదు.

6.15. డోలీలో కూర్చున్నాను. ఎత్తారు. దింపారు. మనుషుల్ని మార్చుకుని మళ్ళీ ఎత్తారు. వాళ్ళల్లో ఒకతను నా వైపు చూసి భుజం మీది గుడ్డకి ఇంకో మడత వేసుకున్నాడు.

6.30. సీతాలక్ష్మి ముందు నడుస్తోంది. చీర మీద కెనడా కోటు, మోకాళ్ళ కింది దాకా. టోపీలోంచి ముఖం కొంచెమే కనిపిస్తోంది. అయినా నేను తనని ఇంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు. మొదటి మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఏమండీ, వస్తున్నారా?"

రాగం లేదు, గొట్టం లేదు. మామూలు గొంతు. పిలిచి, అక్కడే నిలబడి చూసింది.

నాలుక చివరికి "తప్పకుండా" వచ్చింది. మింగేశాను. డోలీ దింపమన్నాను. ఆరుగురూ ఒకేసారి దణ్ణం పెట్టారు, కేదారనాథుడికో నాకో తెలియదు.

7.40. టీ దుకాణం బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. గుండె కొట్టుకుంటున్న చప్పుడు దుకాణంవాడికి కూడా వినపడుతోంది.

తీర్మానం: కేదారం దాకా నడక. ఈ రోజు మొదటి రోజు. రాత్రి ఒక్క పుల్కా. ఇప్పటికి నడిచింది: ఒక కిలోమీటరు. మిగిలింది: పదమూడు. సామాను: ఆవకాయ జాడీ, రెండు కిలోలు. ఆవిడ మోస్తానంది. ఇవ్వలేదు.